ఏ సముద్రం, ఏ నెల

2012లో జెరాల్డ్ అలెన్ అనే చేపల శాస్త్రవేత్త ఇండొనేసియాలోని రాజా అంపట్ దీవుల దగ్గర, కేప్ క్రి అనే చోట నీళ్లలో దిగి, ఒకే ఒక్క డైవ్‌లో 374 రకాల చేపలను లెక్కపెట్టారు. అప్పటి నుంచి ఆ అంకె ప్రపంచమంతా తిరుగుతోంది. ‘బతికుండగా చూడాల్సిన పది డైవింగ్ చోట్లు’ తరహా జాబితా ఏది తీసినా రాజా అంపట్ పేరు పైవరుసలోనే కనిపిస్తుంది. అన్ని చేపలు అక్కడే ఎందుకు చేరాయన్నది మాత్రం ఆ జాబితాల్లో ఉండదు. కారణం నీటి ఒరవడి, అది మోసుకొచ్చే తిండి. నిరుడు అండమాన్లో నాలుగు రోజుల కోర్సు చేసి కార్డు తెచ్చుకున్న కుర్రాడు ఆ ఒరవడిలో దిగితే, ఎటు కొట్టుకుపోతున్నాడో చూసుకోవడానికే సమయమంతా సరిపోతుంది. భయంతో ఊపిరి వేగంగా పీలుస్తాడు, ట్యాంకు అరగంటకే ఖాళీ అవుతుంది. అతను పైకొచ్చాక గుర్తుండేది చేపలు కావు, ప్రెజర్ గేజ్ ముల్లు.

రాజా అంపట్‌ను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ప్రపంచంలో తెలిసిన పగడపు జాతుల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఇండొనేసియా, ఫిలిప్పీన్స్, మలేసియా, పాపువా న్యూగినీ, తూర్పు తైమూర్, సాలమన్ దీవుల మధ్యనున్న సముద్రంలోనే ఉన్నాయి. దాన్నే పగడపు త్రిభుజం అంటారు. జాతుల లెక్కలో దానికి పోటీ లేదు. పేచీ అంతా ర్యాంకులతోనే. సముద్రంలో ఏ చోటూ ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. గాలి మళ్లితే, చంద్రుడు పెరిగితే, నిన్నటి తేట నీళ్లు ఇవాళ కనిపించవు. నెల చెప్పకుండా డైవింగ్ చోటును మెచ్చుకోవడం జనవరిలో బంగినపల్లి కొనుక్కోమని సలహా ఇచ్చినట్టు ఉంటుంది. అందుకే ‘ఎక్కడికి’ అన్నది అందరూ మొదట అడిగినా, నిజానికి చివర అడగాల్సిన ప్రశ్న. సెలవు ఎప్పుడు దొరుకుతుంది, నీళ్లలో మన చేతనైనదెంత, ఏం చూస్తే మన మనసు నిండుతుంది అన్నవి తేలితే పటం మీద మిగిలేవి రెండో మూడో చోట్లు.

మాల్దీవుల సంగతే చూడండి. మనకు వానలు మోసుకొచ్చే నైరుతి గాలులే అక్కడ మాంటా రేలు దీవికి ఏ వైపున ఉండాలో నిర్ణయిస్తాయి. 26 పగడపు వలయాలున్న ఆ దేశంలో సుమారు మే నుంచి నవంబరు దాకా ప్రవాహం పడమటి నుంచి తూర్పుకు నడుస్తుంది. దాంతో కొట్టుకొచ్చే ప్లాంక్టన్ తూర్పు అంచున పోగుపడుతుంది, దాన్ని తినే మాంటాలు అటే చేరతాయి. గాలి ఈశాన్యానికి మళ్లాక లెక్క తిరగబడుతుంది. మాంటాలు పడమటికి పోతాయి, తూర్పు కాలువల్లోకి తేట నీళ్లు, వాటితో పాటు సొరలు వస్తాయి. కాబట్టి ‘మాల్దీవులకు మంచి సీజన్ ఏది’ అన్న ప్రశ్నకు ‘ఏం చూడటానికి’ అన్న ఎదురు ప్రశ్న వేయక తప్పదు. సొరలకైతే జనవరి నుంచి ఏప్రిల్. మాంటాలు గుంపులు గుంపులుగా చేరే హనీఫారు బేకైతే వానాకాలం, అదీ అమావాస్య, పౌర్ణమి పోట్ల నాడు. ఇందులో ఒక చిక్కుంది. హనీఫారులో స్కూబా నిషేధం. స్నార్కెల్‌తో పైన ఈదుతూ చూడాల్సిందే. బ్రోషర్లో మాంటాల బొమ్మ చూసి డైవింగ్ ప్యాకేజీకి లక్షలు కట్టినవాళ్లలో కొందరికి ఈ సంగతి పడవ ఎక్కాక తెలుస్తుంది.

శ్రీలంక ఇంకా సులువైన పాఠం. పడమటి తీరం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బాగుంటే, తూర్పున ట్రింకోమలీ, బట్టికలోవా మే నుంచి సెప్టెంబరు దాకా బాగుంటాయి. అంటే ఆ దీవి మొత్తం మీద దాదాపు ఎప్పుడూ ఏదో ఒక తీరం తెరిచే ఉంటుంది, తీరం తప్పుగా ఎంచుకుంటేనే నష్టం. థాయిలాండ్‌లో సిమిలన్ దీవులను మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ప్రభుత్వమే మూసేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని తుబ్బతహా దిబ్బలకు మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకానే పడవలు వెళతాయి, మిగతా నెలల్లో సులూ సముద్రం ఒప్పుకోదు.

గలాపగోస్ దగ్గర ఈ ‘మంచి సీజన్’ అన్న ఆలోచనే బోల్తా పడుతుంది. డార్విన్, వుల్ఫ్ దీవుల పక్కన పడవంత వేల్ షార్క్‌లు కనిపించేది జూన్ నుంచి నవంబరు దాకా. నీళ్లు చల్లగా, మసకగా ఉండే కాలం కూడా అదే. లోతు నుంచి పైకి ఉబికే చల్లటి నీళ్లు పోషకాలు తెస్తాయి, పోషకాలు పెద్ద జంతువులను తెస్తాయి. వెచ్చటి, అద్దంలాంటి నీళ్లు కావాలనుకునేవారు డిసెంబరు తరువాత వెళ్లవచ్చు, కానీ అక్కడికి వెళ్లే అసలు కారణాల్లో ఒకటి అప్పుడు దొరకదు. అన్నట్టు, జాబితాల్లో ఇంకా ముద్రిస్తున్న డార్విన్ ఆర్చ్ అనే రాతి కమాను 2021 మేలోనే కూలిపోయింది. ఇప్పుడక్కడ రెండు రాతి స్తంభాలే మిగిలాయి.

మన సెలవులతో దీన్ని జత చేసి చూస్తే సంగతి తేలికవుతుంది. సంక్రాంతికి వెళ్లగలిగేవారికి మాల్దీవుల సొరలు, సిమిలన్, అండమాన్ అన్నీ సిద్ధంగా ఉంటాయి. వేసవి సెలవులే దిక్కైన బడిపిల్లల తల్లిదండ్రులకు ఏప్రిల్ నెలంతా అండమాన్ ఉంది, మే నడిమి దాటితే అక్కడ నైరుతి ముసురుకుంటుంది. అప్పుడు బాలీ, కొమొడో వైపు చూడాలి, లేదా ఎర్ర సముద్రం. దసరాకు ఎర్ర సముద్రాన్ని మించింది నాకు కనిపించదు. ఎండ దిగి, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. అదే దసరాకు అండమాన్ టికెట్ తీస్తే బంగాళాఖాతంలో తుపాన్ల కాలం మొదలవుతుందని గుర్తుపెట్టుకోవాలి.

ఇక చేతనైనదెంత అన్న ప్రశ్న. ఓపెన్ వాటర్ కార్డు ఉన్నవారికి 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్ ఉన్నవారికి 30 మీటర్లు, సరదా డైవింగ్‌కు మొత్తంగా 40 మీటర్లు హద్దు. కానీ లోతు కన్నా ఒరవడే ఎక్కువమందిని ఇబ్బంది పెడుతుంది. కొమొడోలో పసిఫిక్, హిందూ మహాసముద్రాల నీళ్లు ఇరుకు జలసంధుల్లోంచి తోసుకుని వస్తాయి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువని మన మత్స్యకారులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొమొడో వెళ్లే డైవర్ కూడా తేదీలు ఖాయం చేసుకునే ముందు పంచాంగం తెరవడం మంచిది. కొత్తవారికి అష్టమి చుట్టుపక్కల రోజులు మేలు, అనుభవజ్ఞులు కావాలనే పౌర్ణమికి వెళతారు. పలావ్ దేశంలోని బ్లూ కార్నర్ దగ్గరైతే డైవర్లు ఒక కొక్కేన్ని చచ్చిన రాతికి తగిలించి, తాడు చివర గాలిపటంలా ఆగి, ఎదుట సొరల ఊరేగింపు చూస్తారు. అద్భుతమే. నీళ్లలో తేలడం ఇంకా కుదురుకోని మనిషికి మాత్రం అది శిక్ష. గలాపగోస్, కోకోస్ దీవుల పడవలు చాలావరకు కనీసం 50 డైవ్‌ల అనుభవం అడగడం ఇందుకే. ఆ నిబంధన కష్టమనిపించినా, అడగని పడవ కన్నా అడిగే పడవే నయం.

ఇంకా మొదటి అడుగే వేయనివారి మాట. ఈత రాకపోయినా ట్యాంకు కట్టి దించుతారు కదా అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. శిక్షకుడు పక్కనే ఉండి పట్టుకుని, 12 మీటర్ల లోపు తిప్పే పరిచయ డైవ్‌కు అది నిజమే. కార్డు కావాలంటే మాత్రం 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు నీటిపై తేలాలి. విమానం టికెట్ కొనే ముందు ఊళ్లో ఈతకొలనుకు ఒక నెల వెళ్లడం అన్నిటికన్నా చవకైన సన్నాహం. కోర్సు ఎక్కడ చేయాలన్నది పెద్ద చర్చ కాదు. థాయిలాండ్‌లోని కో తావ్‌లో ఖర్చు తక్కువ, జనం ఎక్కువ. ఈజిప్టులోని దహబ్‌లో ఒడ్డు నుంచే నడిచి దిగవచ్చు. హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, పాస్‌పోర్టు పని లేదు, తెలుగో హిందీయో తెలిసిన శిక్షకుడు దొరికే అవకాశం ఉంది. నీటి అడుగున సైగలే మాట్లాడినా, పైన భయం చెప్పుకోవడానికి మనకు వచ్చిన భాష కావాలి.

మునిగిన ఓడల దగ్గర కాసేపు ఆగాలి. చాలామందిని ఈ ఆటకు కట్టిపడేసేవి చేపల కన్నా అవే. ఎర్ర సముద్రంలోని థిసిల్‌గార్మ్ అన్నిటిలోకి పేరున్నది. 1941 అక్టోబరు 6 రాత్రి జర్మన్ విమానాలు వేసిన బాంబులకు ఈ బ్రిటిష్ సరకు ఓడ మునిగింది. ఉత్తర ఆఫ్రికాలోని సైన్యానికి తీసుకెళుతున్న మోటారు సైకిళ్లు, లారీలు, బూట్లు ఈనాటికీ దాని గర్భంలో వరసగా ఉన్నాయి. రైలింజన్లు పేలుడుకు ఎగిరి ఓడకు చెరోపక్క ఇసుకలో పడ్డాయి. అడుగు సుమారు 30 మీటర్లలో ఉంది కాబట్టి అడ్వాన్స్‌డ్ కార్డుతో చూడవచ్చు. చూడటానికి వచ్చే పడవలు ఏళ్ల తరబడి దాని ఇనుముకే తాళ్లు కట్టడంతో అది విరుగుతోంది కూడా. ఉదయం తొలి పడవలో దిగకపోతే లోపల మోటారు సైకిళ్ల కన్నా డైవర్లే ఎక్కువ కనిపిస్తారు.

తెలుగువారికి ఇంకా దగ్గరైన ఓడ శ్రీలంకలో ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన కథ మన తాతల తరం చెప్పేది. అదే దాడుల వరుసలో మూడు రోజులకు, ఏప్రిల్ 9న, బట్టికలోవా తీరాన బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మీస్‌ను ముంచారు. అది 50 మీటర్ల పైచిలుకు లోతులో ఉంది. సాంకేతిక శిక్షణ లేనివారు దాని జోలికి పోకూడదు. అదే రోజు మునిగిన చమురు ఓడ బ్రిటిష్ సార్జెంట్ అంతకన్నా తక్కువ లోతులో ఉంది, సరదా డైవర్లకు అందుతుంది. పసిఫిక్‌లోని చూక్ సరస్సులో 1944 ఫిబ్రవరి 17, 18 తేదీల దాడిలో మునిగిన జపాన్ నౌకలు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఓడల పిచ్చి ముదిరినవారికి అది తీర్థయాత్ర, మిగిలినవారికి అంత దూరం వెళ్లాల్సిన పని లేదు.

కొత్తవారికి ఓడలు అందవనుకోనక్కర్లేదు. బాలీలో తులంబెన్ ఊరి ఒడ్డున లిబర్టీ అనే అమెరికన్ ఓడ ఉంది. 1942 జనవరిలో టార్పెడో దెబ్బ తిన్నాక దాన్ని ఒడ్డుకు లాగి వదిలేశారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు అది నీళ్లలోకి జారింది. గులకరాళ్ల మీద నడిచి దిగితే కొద్ది నిమిషాల్లో చేరుకోవచ్చు. పై భాగం అయిదారు మీటర్ల లోతులోనే ఉంది. ఇంత సులువుగా ఇంత పెద్ద ఓడను చూపించే చోటు ఇంకొకటి నాకు తెలియదు.

పేరుకు మించిన చోట్లూ ఉన్నాయి. బెలీజ్‌లోని గ్రేట్ బ్లూ హోల్‌ను 1971లో సముద్ర అన్వేషకుడు కూస్తో ప్రపంచానికి చూపించాడు. విమానంలోంచి తీసిన ఆ నీలి వలయం ఫొటో అందరికీ తెలుసు. 300 మీటర్ల వెడల్పు, 120 మీటర్లకు పైగా లోతు. లోపల మాత్రం 40 మీటర్ల దగ్గర చీకట్లో సున్నపురాతి ఊడలు చూసి, కొద్ది నిమిషాలకే పైకి రావాలి. చేపలు తక్కువ. ఆ డబ్బుతో విమానం ఎక్కి పైనుంచి చూడటమే మేలని నా అభిప్రాయం. గుహలంటే ఇష్టమైతే మెక్సికోలోని యుకటాన్ సెనోటేలకు వెళ్లాలి. అడవి మధ్య బావుల్లా కనిపించే ఆ మంచినీటి గుంటల్లోకి ఎండ పడి, వెలుగు స్తంభాల్లా దిగుతుంది. ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రా పగులు ఇంకో వింత. 2 నుంచి 4 డిగ్రీల నీళ్లు, 100 మీటర్లు దాటి కనిపించే తేట. చేప ఒక్కటి కనిపించకపోయినా ఎవరూ ఫిర్యాదు చేయరు. ఒంటికి నీరు తగలనివ్వని డ్రైసూట్‌లో ముందే అలవాటు ఉండాలి.

ఆ తేటకు పూర్తి ఎదురు కొసన ఇండొనేసియా సులవేసి దీవిలోని లెంబే జలసంధి ఉంది. నల్లటి అగ్నిపర్వత ఇసుక, అక్కడక్కడా చెత్త. మొదటిసారి దిగినవారు ఇక్కడికెందుకు తెచ్చారని అడుగుతారు. వేలెడంత కప్ప చేపలు, పది రకాల జీవుల వేషం వేసే ఆక్టోపస్, కొబ్బరి చిప్పను ఇల్లు చేసుకునే ఇంకో ఆక్టోపస్ ఆ ఇసుకలోనే ఉన్నాయి. ఫొటోలు తీసేవారికి స్వర్గం, సొరల కోసం వచ్చినవారికి విసుగు. భార్యాభర్తల్లో ఒకరు కెమెరా మనిషి, ఒకరు కాకపోతే లెంబే గొడవలు తెస్తుంది.

మన తీరం సంగతి నిజాయితీగా చెప్పుకుంటే, విశాఖలో రుషికొండ నుంచి డైవింగ్ ఉంది. గోదావరి, కృష్ణ, మహానది మోసుకొచ్చే ఒండ్రు వల్ల నీళ్లు ఎక్కువకాలం మసకగానే ఉంటాయి, వరదలు తగ్గిన తరువాత కొన్నాళ్లే తేరుకుంటాయి. సాధన చేసుకోవడానికి, పైకొచ్చి ఇంట్లో అన్నం తినడానికి అది చాలు, పగడాల కోసం కాదు. ఒండ్రు అందనంత దూరంలో ఉన్నాయి కాబట్టే అండమాన్ నీళ్లు తేట. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి వారాంతపు చోటు. లక్షద్వీప్‌కు అనుమతి పత్రం కావాలి, అందుకే జనం తక్కువ. ఇక దేశం దాటి ఉన్న తెలుగువారు చాలామంది తమ పక్కనున్న సముద్రాన్ని వదిలి మాల్దీవులకే పరుగెత్తుతారు. మస్కట్‌లో ఉన్నవారికి పడవ దూరంలో దైమానియత్ దీవులున్నాయి. డల్లాస్, హ్యూస్టన్ వాళ్లకు కోజుమెల్ కొద్ది గంటల విమానం, అక్కడి ఒరవడి మనిషిని మెల్లగా దిబ్బ పొడుగునా తీసుకెళ్లే రకం. బొనైర్‌లో కారు అద్దెకు తీసుకుని, డైవింగ్ చోటుకు గుర్తుగా పెట్టిన పసుపు రాయి కనిపించిన చోటల్లా ఆపి దిగవచ్చు.

పగడాల పరిస్థితి తెలియకుండా ఇవాళ చోటు ఎంచుకోవడం కుదరదు. సముద్రం వేడెక్కితే పగడం తనలో ఉండే రంగురంగుల నాచును వెళ్లగొట్టి తెల్లబారుతుంది, వేడి తగ్గకపోతే చస్తుంది. 1998లో ఇది మొదటిసారి ప్రపంచమంతటా జరిగింది, మాల్దీవుల పైలోతు పగడాలు చాలావరకు అప్పుడే పోయాయి. 2024 ఏప్రిల్‌లో నాలుగో ప్రపంచవ్యాప్త తెల్లబారుడును ప్రకటించారు. లక్షద్వీప్‌లో రెండు దశాబ్దాలకు పైగా సాగిన పరిశీలనలో పగడాల విస్తీర్ణం దాదాపు సగానికి తగ్గినట్టు తేలింది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ 2016 నుంచి పదేళ్లు తిరక్కుండానే ఆరుసార్లు పెద్ద ఎత్తున తెల్లబారింది. అయినా 2,300 కిలోమీటర్ల దిబ్బ కదా, ఒకచోట చచ్చినా ఇంకోచోట బతికే ఉంటుంది. ఎర్ర సముద్రం ఉత్తరపు కొసన, అకాబా సింధుశాఖ పగడాలు మిగిలినచోట్ల వాటికన్నా వేడిని బాగా తట్టుకుంటాయని పరిశోధకులు చెబుతున్నారు. కాబట్టి ఐదేళ్ల కిందటి ఫొటోలు చూసి డబ్బు కట్టకూడదు, గత నెల వెళ్లొచ్చినవారిని అడగాలి. అలాగని ‘పోయేలోపు చూసేద్దాం’ అన్న తొందరలో చేతకాని ఒరవడిలోకి దూకడమూ తగదు. పగడానికి వెలుతురు కావాలి, అందుకే దట్టమైన రంగు పది మీటర్ల లోపే ఎక్కువ. ఎరుపు అంతకన్నా కింద ఎలాగూ కంటికి ఆనదు. కొత్త కార్డు ఉన్నవారు లోతు తక్కువైందని ఏమీ పోగొట్టుకోరు.

సఫారీ పడవల మీద వారం రోజులు ఉండి తిరగడం గురించి ఒక హెచ్చరిక. గలాపగోస్ ఉత్తర దీవులు, తుబ్బతహా, ఎర్ర సముద్రంలోని బ్రదర్స్ లాంటివి వేరే దారిలో అందవు. కానీ పడవ నాణ్యతే ఇక్కడ ప్రాణం. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో ఒక డైవింగ్ పడవ తగలబడి 34 మంది పోయారు. కింది అంతస్తులో నిద్రలో ఉన్న వారెవరూ బయటపడలేదు. రాత్రి కాపలా తిరిగే మనిషి లేడని దర్యాప్తులో తేలింది. 2024 నవంబరులో ఈజిప్టు తీరంలో ఇంకో సఫారీ పడవ మునిగింది. డబ్బు కట్టే ముందు భోజనం మెనూ కన్నా ముందు అడగాల్సినవి ఉన్నాయి. రాత్రి కాపలా ఉంటుందా, పడక గది నుంచి బయటికి రెండో దారి ఉందా, ఆక్సిజన్ ఎంత ఉంది, దగ్గరి రీకంప్రెషన్ చాంబర్ ఎన్ని గంటల దూరం. నీళ్లలో ఒత్తిడి ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణం చొప్పున పెరిగి, నత్రజని ఒంట్లో కరుగుతుంది. తొందరగా పైకొస్తే అది బుడగలు కట్టి మనిషిని జబ్బు పడేస్తుంది. ఆ జబ్బుకు చాంబరే మందు, మామూలు ప్రయాణ బీమా దాని ఖర్చు చాలాసార్లు ఇవ్వదు. డైవింగ్ బీమా విడిగా తీసుకోవాలి.

అదే కారణంగా ఆఖరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు వదలాలి. నాలుగు రోజుల యాత్రలో డైవింగ్‌కు నికరంగా మిగిలేది మూడు రోజులకన్నా తక్కువ, ప్యాకేజీ ధర బేరీజు వేసేటప్పుడు ఈ లెక్క పట్టించుకోవాలి. కొండలకూ ఇదే వర్తిస్తుంది. తులంబెన్‌లో డైవ్ చేసిన సాయంత్రమే కింతమణి ఘాట్ రోడ్డు ఎక్కకూడదు. దహబ్ వెళ్లేవారిలో చాలామంది 2,285 మీటర్ల సినాయ్ కొండ మీద సూర్యోదయం చూడాలనుకుంటారు. అలాంటివారు దిగిన మొదటి రాత్రే కొండ ఎక్కేసి, డైవింగ్ ఆ తరువాతి రోజులకు పెట్టుకోవాలి.